ఇంటికి ఎత్తు మార్చుకునే బార్ స్టూలు: గట్టు కొలత నుంచి అడుగు తుప్పు దాకా

తిరుపతిలో ఈమధ్య కడుతున్న ఫ్లాట్లలో వంటింటికీ హాలుకూ మధ్య గోడ తీసేసి, ఒక గ్రానైట్ గట్టు కట్టి వదలడం మామూలైపోయింది. పొద్దున పిల్లలు అక్కడే ఇడ్లీ తినేసి బడికి పోతారు, సాయంత్రం అక్కడే హోంవర్కు. ఆ గట్టు ముందు వేసుకోవడానికి ఎత్తు పెంచి తగ్గించుకునే బార్ స్టూళ్ళు కొంటున్నారు. ఎక్కువ ఇళ్ళలో వాటిని కొనేది రంగు, మెరుపు చూసి. ఆరు నెలలు తిరిగేసరికి రెండు రకాల ఫిర్యాదులు మొదలవుతాయి. మొదటిది, కూర్చుంటే తొడలు బండకు తగలడం లేదా కాళ్ళు గాల్లో వేలాడడం. రెండోది, అడుగున తుప్పు పట్టడం. మొదటిది కొనకముందే టేపు పట్టుకుంటే తప్పిపోతుంది. రెండోదానికి కారణం స్టూల్లో కంటే మనం ఇల్లు తుడిచే పద్ధతిలోనే ఎక్కువగా ఉంటుంది.

ముందు గట్టును కొలవండి

నేల మీద నుంచి గట్టు పైభాగం దాకా కొలిచి రాసుకోండి. కూర్చునే సీటుకీ గట్టు పైభాగానికీ మధ్య 10 నుంచి 12 అంగుళాలు ఉండాలి. అంటే 36 అంగుళాల గట్టుకు సీటు 24 నుంచి 26 అంగుళాల ఎత్తులో కావాలి. 40–42 అంగుళాల గట్టయితే 28 నుంచి 32 దాకా. పొడుగు మనిషికి ఎక్కువ ఖాళీ, పొట్టివాళ్ళకు తక్కువ ఖాళీ సరిపోతుంది. ఎత్తు మార్చుకునే స్టూలు కొనేదే ఆ వెసులుబాటు కోసం.

మన వైపు ఒక చిక్కు ఉంది. వంట చేసుకునే గట్టును మేస్త్రీలు ఎక్కువగా 32 నుంచి 34 అంగుళాల ఎత్తులోనే కడతారు. ఇంట్లో ఆడవాళ్ళ ఎత్తుకు అది సరైన కొలతే. కానీ బజారులో దొరికే, గ్యాస్ పీడనంతో సీటు లేచే స్టూళ్ళలో చాలావాటిని పూర్తిగా దించినా సీటు 60 సెంటీమీటర్ల దగ్గర, అంటే దాదాపు 23న్నర అంగుళాల దగ్గర ఆగిపోతుంది. గట్టు 33 అంగుళాలైతే మిగిలే ఖాళీ తొమ్మిదిన్నరే. దాంట్లో బండ మందం పోను తొడలకు చోటు ఇరుకవుతుంది. అదే వంటగట్టును హాలు వైపుకు సాగదీసి కూర్చోవడానికి వాడుకోవాలనుకుంటే, 50–55 సెంటీమీటర్ల దాకా దిగే పొట్టి రకం స్టూలు వెతకండి. కొలత రాసివుండని స్టూలు మాత్రం కొనకండి. ఇల్లు ఇంకా కట్టుబడిలో ఉంటే మేస్త్రీకి ఇప్పుడే చెప్పండి: వండే గట్టు మీకు వీలైన ఎత్తులో, కూర్చునే గట్టు విడిగా 36 అంగుళాల్లో. 36కు సరిపోయే స్టూళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి.

పైభాగం కొలిచి ఊరుకోకండి, కింద చెయ్యి పెట్టి చూడండి. గ్రానైట్ బండ మందం 18–20 మిల్లీమీటర్లే అయినా, అంచు లావుగా కనపడాలని కింద ఇంకో పట్టీ అంటిస్తారు. అప్పుడది 40 మిల్లీమీటర్లవుతుంది. దాని కింద ఇనుప బ్రాకెట్టో, డ్రాయరో ఉంటే ఇంకా కిందికి వస్తుంది. అన్నిటికన్నా కిందికి వచ్చినదాని నుంచి సీటు దాకా కనీసం 7 అంగుళాల ఖాళీ చూసుకోండి. మెత్త ఉన్న సీటు మనిషి కూర్చోగానే అంగుళం దాకా అణుగుతుంది, దాన్నీ లెక్కలో వేసుకోవచ్చు.

మోకాళ్ళు పట్టడానికి బండ గోడ దాటి 10–12 అంగుళాలు బయటికి రావాలి. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. 20 మిల్లీమీటర్ల బండను కింద ఆధారం లేకుండా 6 అంగుళాలకు మించి బయటికి వదలకూడదు. స్టూలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మనిషి బరువంతా మోచేతుల మీదుగా ఆ అంచు మీదే పడుతుంది. చిత్తూరు జిల్లాలో గ్రానైటుకు కొదవ లేదు, పని తెలిసిన మేస్త్రీలకూ కొదవ లేదు. కాబట్టి బండ వేసే రోజే రెండడుగులకొక ఇనుప బ్రాకెట్ గోడలోకి దింపించుకోండి. తర్వాత పెట్టించాలంటే గోడ పగలగొట్టాలి.

పొడవు లెక్క తేలిక. చేతులు లేని స్టూలుకు 24 అంగుళాలు, చేతులున్నదానికి 28 నుంచి 30. ఆరడుగుల గట్టుకు మామూలు స్టూళ్ళు మూడు పడతాయి, చేతులున్నవి రెండే. వెనక నడవడానికి మూడడుగులు వదలండి.

ఎత్తు మారేది ఎలా

కొట్లో 'హైడ్రాలిక్' అని చూపించేదాంట్లో నూనెతో నడిచేదేమీ లేదు. స్తంభం లోపల అధిక పీడనంతో నైట్రోజన్ నింపిన గొట్టం ఉంటుంది. సీటు కింద మీట ఎత్తితే గొట్టం పైకొసన ఉన్న చిన్న మొలక నొక్కుకుని లోపలి వాల్వు తెరుచుకుంటుంది. వాయువు పిస్టన్‌కు ఒకవైపు నుంచి ఇంకోవైపుకు పారుతుంది. మన బరువు ఉంటే సీటు దిగుతుంది, లేకపోతే వాయువు దాన్ని పైకి నెడుతుంది. మీట వదలగానే వాల్వు మూసుకుని ఆ ఎత్తులో నిలుస్తుంది. అందుకే పైకి లేపాలంటే సీటు మీద నుంచి బరువు తీసి మీట ఎత్తాలి. కూర్చుని మీట లాగుతూ 'లేవట్లేదు' అని తిరిగి పంపించేసేవాళ్ళున్నారు.

ఈ గొట్టాలకు గట్టిదనాన్ని బట్టి క్లాసులుంటాయి. ఇంటికి క్లాస్ 3 చాలు. ఇంట్లో వంద కిలోలు దాటిన మనిషి ఉంటే క్లాస్ 4 అడగండి. గొట్టం మీద ముద్ర వేసి ఉంటుంది లేదా పెట్టె మీద రాసి ఉంటుంది. రెండు చోట్లా లేకపోతే అది ఏ క్లాసని చెప్పినా నమ్మాల్సిన పని లేదు. కుర్చీలకు, స్టూళ్ళకు ఐఎస్ 17632 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆ ముద్ర ఉన్న సరుకు కనపడితే దానికే మొగ్గండి.

రెండో రకం మరతో తిరిగేది. నడుమ లావుపాటి మరల కమ్మీ, సీటును గుండ్రంగా తిప్పితే ఎక్కుతుంది, దిగుతుంది. గ్యాసు లేదు, వాల్వు లేదు, చెడేది దాదాపు ఏమీ లేదు. మన ఇళ్ళకు, అందులోనూ ఒకసారి ఎత్తు పెట్టుకుని అలాగే వాడుకునే ఇళ్ళకు ఇదే మేలని మా అభిప్రాయం. ఇబ్బందల్లా ఒకటే, కూర్చుని అటూ ఇటూ తిరుగుతుంటే ఎత్తు కొద్దికొద్దిగా మారిపోతుంది. పిల్లలు గిరగిరా తిప్పితే మర చివరిదాకా వచ్చేస్తుంది. కాబట్టి చివరన ఆగేలా స్టాపర్ ఉందో లేదో కొట్లోనే పూర్తిగా తిప్పి చూడండి. ఈ రకానికి ఇనుప కాళ్ళు, మామిడి చెక్క సీటు పెట్టి జోధ్‌పూర్ నుంచి చాలా సరుకు వస్తుంది. మామిడి చెక్కకు పురుగు త్వరగా పడుతుంది. సీటు అడుగు భాగంలో సూది మొనంత రంధ్రాలు, వాటి చుట్టూ మైదాలాంటి పొడి కనిపిస్తే ఆ స్టూలు అక్కడే వదిలేయండి. ఇంటికి తెచ్చుకుంటే మిగతా చెక్క సామాను మీదికీ పాకుతుంది.

మూడోది, గొట్టానికి రంధ్రాలుండి పిన్ను గుచ్చి ఎత్తు మార్చేది. గట్టిదే, కానీ ప్రతిసారీ మనిషి వంగి పిన్ను తీయాలి. పెద్దవాళ్ళకు కష్టం.

కొట్లో పదిహేను నిమిషాలు

స్టూలును పూర్తిగా పైకి లేపించండి. సీటు అంచు పట్టుకుని ముందుకు, వెనక్కు ఊపండి. కొంచెం కదలిక సహజం. కానీ స్తంభం మధ్యలో టక్కుటక్కుమంటే లోపల గొట్టాన్ని ఊగకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ బుష్ వదులుగా ఉందని అర్థం. గొట్టం పూర్తిగా బయటికి వచ్చినప్పుడు బుష్‌లో మిగిలి ఉండే భాగం తక్కువ, ఊగేది అప్పుడే. మీకు కావలసిన ఎత్తు స్టూలు మార్పు పరిధిలో మధ్యలో పడేలా ఎంచుకోండి. పైకొసన పడితే రోజూ ఊగుతున్న స్టూలు మీదే కూర్చోవాలి.

తర్వాత స్తంభం మీద సీటు దగ్గర చిన్న టేపు ముక్క అంటించి పది నిమిషాలు కూర్చోండి. కొత్త స్టూలు ఒక్క మిల్లీమీటరు కూడా దిగకూడదు.

అడుగున పళ్ళెం వ్యాసం కొలవండి. సీటు 80 సెంటీమీటర్ల దాకా లేచే స్టూలుకు పళ్ళెం 40 సెంటీమీటర్లకు తగ్గకూడదు. వీపు ఆనించుకునేదైతే 43–45 ఉండాలి, ఎందుకంటే వెనక్కు వాలగానే బరువు అంచు వైపు జరుగుతుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మొత్తం బరువు చూడండి. పళ్ళెం స్టూలు ఆరు కిలోలకు తక్కువుంటే అడుగు పలచగా ఉందనుకోవచ్చు. పలచని పళ్ళెం మధ్యలో వంగుతుంది. నేల సమంగా ఉన్నా స్టూలు ఊగుతుంది.

కాళ్ళు పెట్టుకునే కమ్మీ గురించి ఎవరూ అడగరు, కానీ సుఖమంతా దాని మీదే ఉంది. సీటు నుంచి కమ్మీ దాకా 16 నుంచి 18 అంగుళాలుంటే తొడల కింద ఒత్తిడి పడదు. కొన్ని స్టూళ్ళలో కమ్మీ సీటుతో పాటు లేస్తుంది, కొన్నిట్లో కింది స్తంభానికే బిగించి ఉంటుంది. రెండో రకంలో సీటు ఎత్తాక కమ్మీ 20 అంగుళాల కిందికి పోయి పిల్లల కాళ్ళు వేలాడతాయి. పిల్లలే ఎక్కువగా కూర్చునే ఇంటికి మొదటి రకం తీసుకోండి. కమ్మీ అతుకు దగ్గర వెల్డింగ్ చుట్టూ పూర్తిగా పారిందా, ఒకచోట చుక్క వేసి వదిలేశారా అన్నది వేలితో తడిమితే తెలుస్తుంది. స్టూలు ఎక్కే ప్రతిసారీ మనిషి బరువంతా పడేది దాని మీదే.

సీటు బట్ట సంగతి. కొట్లో 'పీయూ లెదర్' అంటే గుడ్డ మీద పూసిన పలచని పొర. గాలిలోని తేమకే అది మెల్లగా విడిపోతుంది. చేతి నూనె, చెమట తోడైతే ఇంకా త్వరగా పొట్టు రాలుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ, ఏప్రిల్–మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ, రెండూ ఉన్న మన ఊళ్ళో పీయూ సీటు ఎక్కువకాలం నిలవదు. మామూలు పీవీసీ రెగ్జిన్ చూడ్డానికి అంత మెత్తగా ఉండదు గానీ తడికి తట్టుకుంటుంది. కిటికీ ఎండ నేరుగా పడితే మాత్రం బిరుసెక్కి పగులుతుంది. పప్పు, సాంబారు ఒలికే ఇంట్లో గుడ్డ సీటు వద్దు. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ సీటు కడుక్కోవడానికి సుఖం, కానీ అరగంట దాటితే ఒళ్ళు నొప్పి. మా సలహా: రెగ్జిన్ సీటు, ముదురు రంగు, లోపల 40 డెన్సిటీ ఫోమ్ రెండంగుళాల మందం.

బిగించేటప్పుడు

పెట్టెలో అడుగు పళ్ళెం, గ్యాస్ గొట్టం, దాని మీద తొడిగే గొట్టాలు, కాళ్ళ కమ్మీ, మీట ఉన్న ఇనుప పలక, సీటు, ఒక అలెన్ కీ ఉంటాయి. ముందుగా గొట్టం పైకొసన ఉన్న ప్లాస్టిక్ మూత తీసేయండి. ఇది మరిచిపోతే మీట పనిచేయదు. సీటును దుప్పటి మీద బోర్లా పెట్టి, పలక మీద బాణం గుర్తు సీటు ముందువైపుకు చూసేలా అమర్చండి. నాలుగు బోల్టులనూ వేళ్ళతో సగం దాకా తిప్పి, తర్వాత ఎదురెదురు మూలల చొప్పున బిగించండి. ఒక బోల్టును ముందే పూర్తిగా బిగిస్తే నాలుగోది రంధ్రంలో కూర్చోదు, బలవంతం చేస్తే ప్లైవుడ్ లోపలి నట్టు మర తెగిపోతుంది. బోల్టు ఆగాక కాలు వంతు తిప్పితే చాలు. బోల్టు మర మీద నీలి రంగు థ్రెడ్ లాకర్ జిగురు ఒక్క చుక్క వేస్తే ఏడాది దాకా వదులు కాదు, కావలసినప్పుడు విప్పుకోనూ వచ్చు.

గొట్టం రెండు కొసలూ ఏటవాలుగా సన్నబడి ఉండే స్టూళ్ళలో మర, నట్టు ఏమీ ఉండవు. రెండు ముఖాల ఒరిపిడి మీదే పట్టు నిలుస్తుంది. కాబట్టి ఆ భాగాలను పొడిగుడ్డతో తుడిచి, ఏమీ పూయకుండా కూర్చోబెట్టాలి. గ్రీజు పూస్తే సీటు ఊడి చేతికొస్తుంది. అమర్చాక పెద్దవాళ్ళెవరైనా నాలుగైదు సార్లు గట్టిగా కూర్చుని లేస్తే పట్టు దొరుకుతుంది. వారం వాడాక నాలుగు బోల్టులనూ ఒకసారి చూడండి, ఆ తర్వాత ఆరు నెలలకొకసారి.

స్టూలు ఊగితే వెంటనే దాన్ని తిట్టుకోకండి. నేల మీద రసమట్టం పెట్టి చూడండి, లేదా స్టూలును రెండడుగులు పక్కకు జరపండి. అక్కడ నిలకడగా ఉంటే తప్పు టైల్సుది.

అడుగు ఎందుకు తుప్పు పడుతుంది

మన ఇళ్ళలో స్టూలును చంపేది కూర్చునే మనిషి కాదు, నేల తుడిచే నీళ్ళు. అడుగు పళ్ళెం ఇనుప రేకు, దాని పైన వేసిన క్రోమ్ పూత జుట్టు కంటే పలచన. పళ్ళెం కింద అంచుకు పూత ఇంకా తక్కువ. మాప్ నీళ్ళు ఆ అంచు కిందికి జారి, రబ్బరు పట్టీ వెనక నిలిచిపోతాయి. బయటికి కనపడదు, ఆరదు. మూడు నెలల తర్వాత టైల్సు మీద గుండ్రంగా ఎర్రటి మరక కనపడినప్పుడు తెలుస్తుంది.

దీనికి రెండు అలవాట్లు తోడవుతాయి. ఒకటి, దిష్టి పోతుందని శుక్రవారం, అమావాస్య నాడు నీళ్ళలో కల్లుప్పు వేసి ఇల్లు తుడవడం. ఉప్పు నీళ్ళు ఇనుము తుప్పును ఎన్నో రెట్లు వేగం చేస్తాయి, క్రోమ్ పూతలోని సన్నని రంధ్రాల గుండా లోపలికి చేరి అక్కడే పని మొదలుపెడతాయి. అలవాటు మానమని చెప్పడం లేదు. ఆ రోజు స్టూళ్ళను ముందే పక్కకు తీసి, నేల ఆరాక తిరిగి పెట్టండి. రెండోది, టైల్సు మరకలకు బాత్‌రూం యాసిడ్ వాడడం. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, క్రోమ్‌ను నేరుగా తినేస్తుంది. స్టూలుకు చుక్క తగలకపోయినా, తలుపులు మూసిన ఇంట్లో దాని ఆవిరే చాలు, ఒక వారంలో మెరుపు పోయి చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది. గృహప్రవేశానికి ముందు నేలంతా యాసిడ్‌తో కడిగించేవాళ్ళు, ఆ పని అయిపోయి ఇల్లు గాలి పోసుకున్నాకే స్టూళ్ళ పెట్టె విప్పాలి.

నెలకొకసారి స్టూలును పక్కకు వాల్చి పళ్ళెం అడుగు చూడండి. తడి ఉంటే పొడిగుడ్డతో తుడిచి అరగంట అలాగే వదలండి. రబ్బరు పట్టీ ఊడి ఉంటే కొత్తది వేయండి. అది లేకపోతే ఇనుము టైల్సు మీద గీసుకుని మిగిలిన పూత కూడా పోతుంది. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వెళ్ళాక ఒకసారి, కారుకు పూసే మైనాన్ని పళ్ళెం పైనా కిందా పలచగా పూసి మెరిసేలా తుడవండి. పావుగంట పని.

తుప్పు చుక్కలు అప్పుడే మొదలైతే వంటింటి అల్యూమినియం రేకు ముక్కను నలిపి, నీళ్ళలో ముంచి, ఆ చుక్కల మీద మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు, తుప్పు మాత్రం లేచిపోతుంది. తర్వాత బాగా ఆరబెట్టి, గుంటల మీద రంగులేని నెయిల్ పాలిష్ ఒక పూత వేసి, పైన మైనం. గిన్నెలు తోమే పౌడరు, స్టీలు పీచు వాడొద్దు. ఇత్తడి సామానుకు అలవాటైన చేతితో చింతపండు కూడా వద్దు, పులుపు గుంటల్లో మిగిలిపోతే తుప్పు లోపలికి దిగుతుంది. బోరు నీళ్ళ తెల్లటి ఉప్పు మరకలకు మాత్రం వెనిగర్ ఒక వంతు, నీళ్ళు ఒక వంతు కలిపిన గుడ్డతో తుడిచి, వెంటనే మంచినీళ్ళ గుడ్డతో, ఆ వెంటనే పొడిగుడ్డతో తుడవండి.

ఇంట్లోకి వరద నీళ్ళు వస్తే, 2021 నవంబరులో తిరుపతిలో ఎన్నో వీధులు మునిగినట్టు, స్టూలును ఆరబెట్టి ఊరుకుంటే సరిపోదు. పళ్ళెం కింద మూత విప్పి బురద పూర్తిగా మంచినీళ్ళతో కడగాలి. సీటు కింది గుడ్డ పిన్నులు తీసి ఫోమ్‌ను నీడలో, ఫ్యాను కింద రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. ప్లైవుడ్ ఉబ్బి పొరలు విడితే ఆ పలక మార్చాల్సిందే, బోల్టులు దాంట్లో నిలవవు.

సీటుకు రోజూ తడిగుడ్డ, వారానికొకసారి సబ్బునీళ్ళు చాలు. రెగ్జిన్‌కు కొబ్బరినూనె పూసి మెరిపించకండి, దుమ్ము పట్టి జిగురవుతుంది. పసుపు మరక పడితే సబ్బునీళ్ళతో తుడిచి, ఆ సీటును ఒక గంట ఎండ తగిలేచోట పెట్టండి. పసుపు రంగు వెలుతురుకు వెలిసిపోతుంది. గంట దాటి ఉంచకండి, రెగ్జిన్‌కు దెబ్బ.

ఏది చెడితే ఏం చేయాలి

కూర్చుంటే మెల్లగా దిగిపోవడం అన్నిటికన్నా మామూలు జబ్బు. గొట్టం లోపలి సీలు అరిగి, వాయువు ఒకవైపు నుంచి ఇంకోవైపుకు జారుతోందని అర్థం. దాన్ని నింపించడం, బాగుచేయించడం లేదు, గొట్టం మార్చడమే. కొత్తది వచ్చేదాకా ఆపాలంటే, స్తంభంలో బయటికి వచ్చే సన్న భాగాన్ని కొలిచి, ఆ వ్యాసానికి సరిపోయే పీవీసీ పైపు ముక్క కోసుకోండి. దాన్ని నిలువునా ఒకవైపు చీల్చి సన్న భాగం చుట్టూ తొడగండి. సీటు ఆ పైపు మీద ఆగుతుంది. ఎత్తు మార్చుకునే వీలు పోతుంది, కూర్చోవడానికి పనికొస్తుంది. చాలా ఇళ్ళకు ఎప్పుడూ ఒకే ఎత్తు చాలు కాబట్టి, కొందరికి ఇదే శాశ్వత పరిష్కారమైనా తప్పు లేదు.

అసలు లేవకపోతే ముందు మీటను అనుమానించండి. సీటు విప్పి గొట్టం పైనున్న మొలకను స్క్రూడ్రైవర్ పిడితో నొక్కండి. గొట్టం లేస్తే అది బాగున్నట్టే. మీట కొస వంగి మొలకను అందుకోవడం లేదు, పటకారుతో కొంచెం కిందికి వంచితే సరిపోతుంది. మొలక నొక్కినా లేవకపోతే వాయువు పోయింది. మీట ఎత్తకుండానే సీటు పైకీ కిందికీ తేలుతుంటే, మీట మొలకను ఎప్పుడూ నొక్కి పట్టి ఉంచుతోంది.

తిరిగేటప్పుడు కీచుమంటే గొట్టం అడుగున ఉన్న బేరింగు, వాషర్లు పొడారాయి. అక్కడ తెల్లని లిథియం గ్రీజు చిటికెడు పెట్టాలి. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే నాలుగు రోజులు శబ్దం ఆపుతుంది, పాత గ్రీజును కడిగేసి పోతుంది, తర్వాత మునుపటికన్నా ఎక్కువ అరుస్తుంది. మర స్టూలుకు ఆరు నెలలకొకసారి మరల్లో పాత జిడ్డు బ్రష్షుతో తీసి అదే గ్రీజు పూయండి.

సీటు పొట్టు రాలితే అతికించే పని పెట్టుకోకండి. ఆటోలకు, బైకులకు సీటు కవర్లు కుట్టేవాళ్ళు ఈ పని చక్కగా చేస్తారు. రెగ్జిన్ వెడల్పు మామూలుగా 54 అంగుళాలు. వీపు లేని 40 సెంటీమీటర్ల గుండ్రటి సీట్లు రెండింటికి 60 సెంటీమీటర్ల పొడవు ముక్క సరిపోతుంది. ప్లైవుడ్ 12 మిల్లీమీటర్లదైతే పిన్ను 8 లేదా 10 మిల్లీమీటర్లే వాడమనండి, అంతకన్నా పొడవైతే పైకి పొడుచుకొస్తుంది.

గొట్టం మార్చడం

మరిచిపోకూడని విషయం ఒకటుంది: గొట్టాన్ని కోయడం, తొలవడం, వెల్డింగ్ పెట్టడం, మంటలో వేయడం ప్రాణాపాయం. ఎండాకాలం గదిలో వేడికి పేలుతుందేమోనన్న భయం మాత్రం అక్కర్లేదు. 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు పెరిగితే లోపలి పీడనం దాదాపు ఏడు శాతమే పెరుగుతుంది. బాల్కనీలో రోజంతా ఎండలో వదిలితే సీళ్ళు బిరుసెక్కి త్వరగా లీకవుతాయి, అంతే.

సీటు బోల్టులు విప్పి తీసేయండి. మీట పలక గొట్టానికి పట్టేసి ఉంటుంది. స్టూలును పక్కకు పడుకోబెట్టి, చెక్కముక్క అడ్డం పెట్టి, పలకను గొట్టం దగ్గరగా చుట్టూ తిప్పుతూ సుత్తితో కొట్టండి. కదలకపోతే అతుకు దగ్గర తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగండి. పాత గొట్టం ఎలాగూ పారేసేదే కాబట్టి పైపు రెంచితో పట్టి తిప్పినా ఫర్వాలేదు. తర్వాత బోర్లా తిప్పి పళ్ళెం కింద మూత తీయండి. కొన్ని స్టూళ్ళలో పెద్ద నట్టు ఉంటుంది, స్పానరుతో విప్పాలి. నట్టు లేకపోతే బయటి గొట్టం అంచు మీద కొట్టాలి. నడుమ కనిపించే సన్న కమ్మీ మీద కొడితే గొట్టం లోపలి భాగాలు విడి చేతికొస్తాయి.

పాతదాన్ని చేత పట్టుకుని కొట్టుకు పోండి. ఆఫీసు కుర్చీ గొట్టం చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ అది సుమారు 10–12 సెంటీమీటర్లే లేస్తుంది, బార్ స్టూలుది 20కి పైగా లేవాలి. ఇక్కడ దొరక్క చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెప్పించాలంటే ఐదు కొలతలు పంపండి: పూర్తిగా చాచినప్పటి పొడవు, పూర్తిగా ముడిచినప్పటి పొడవు, లేచే దూరం, పైకొస వ్యాసం, కింది కొస వ్యాసం. పైది ఎక్కువగా 28 మిల్లీమీటర్లు, కిందిది 50 ఉంటుంది, కానీ కొలవకుండా అదే అనుకోవద్దు. కొత్తది పెట్టేముందు స్ప్రే నూనె మిగలకుండా పళ్ళెం రంధ్రం, పలక రంధ్రం రెండూ పొడిగా తుడవాలి.

ఎవరు ఎక్కకూడదు

దసరాకో సంక్రాంతికో బూజు దులపడానికి, అటక మీద బిందెలు దించడానికి ఈ స్టూలు ఎక్కేస్తారు. తిరిగే సీటు మీద నిలబడితే చీపురు ఒక్క విసురుకే నడుము తిరిగి మనిషి కిందపడతాడు. పనిమనిషికి, పిల్లలకు ఈ మాట విడిగా చెప్పి పెట్టండి, నిచ్చెన అందేచోట ఉంచండి. బ్రహ్మోత్సవాలప్పుడు ఇల్లు బంధువులతో నిండితే స్టూళ్ళను పూర్తిగా కిందికి దించి పెట్టడం మంచిది. తెలియని పిల్లలు మొదట చేసేది ఎక్కి కూర్చుని మీట లాగడమే, సీటు దిగే వేగానికి కింద ఉన్న వేళ్ళు నలుగుతాయి. మూడేళ్ళలోపు పిల్లలను వీపు ఉన్న స్టూలు మీద కూడా ఒంటరిగా కూర్చోబెట్టకండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు 18 అంగుళాల మామూలు కుర్చీనే సుఖం. వాళ్ళ కోసం గట్టు పక్కనే ఒక చిన్న బల్ల వేయండి. చీర కుచ్చిళ్ళు, పంచె అంచు కాళ్ళ కమ్మీలో చిక్కుకోకుండా, దిగేటప్పుడు ముందు స్టూలును గట్టు వైపు నుంచి పక్కకు తిప్పి, ఒక చెయ్యి బండ మీద ఆనించి, రెండు కాళ్ళూ నేల మీదకు చేరాకే లేవాలి.

పాత గొట్టాన్ని మాత్రం చెత్తబుట్టలో వేయకండి. చెత్తకు నిప్పు పెట్టే చోటికి అది చేరితే పేలుతుంది. పాత ఇనుము కొనేవాళ్ళకు ఇచ్చేటప్పుడు 'లోపల గ్యాసుంది, కోయొద్దు' అని నోటితో చెప్పి, గొట్టం మీద మార్కరుతో కూడా రాసి ఇవ్వండి.